బోర్డు స్మార్ట్ అయింది, సవాల్ ఎటు పోయింది?



ఈసారి కొంచెం గుస్సాతోనే రాస్తున్నా, మాఫ్ చేయండి. చదివాక మీకూ గుస్సా వస్తే, అది నా మీద కాకుండా సహీ జాగాలో రావాలని దువా.

నేను పుట్టింది నల్లగొండ పక్క పల్లెలో. ఇరవై రెండేళ్లుగా హైదరాబాద్ శివారులో ఒక సర్కారీ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తున్నా. మా మొహల్లాలో ఒక ప్రైవేట్ స్కూల్ ఉంది. మన పిల్లలే ఎక్కువ. మా ఆపా చిన్న కూతురు కూడా అక్కడే ఎనిమిదో తరగతి. ఇంట్లో అందరం మున్నీ అంటాం. పోయిన సంవత్సరం ఆ స్కూల్లో "డిజిటల్ సైన్స్ క్లాస్" ఇఫ్తితా జరిగింది. సైన్స్ టీచర్ని కదా అని నన్నూ దావత్‌కి పిలిచారు. రిబ్బన్ కట్ చేశారు. గులాబీలు చల్లారు. గోడంత తెర వెలిగింది. పక్కనే సోఫాలు వేసి వాల్దైన్‌ని కూర్చోబెట్టారు.

ఆ రోజు పాఠం అయస్కాంతం. తెర మీద భూమి గుండ్రంగా తిరుగుతోంది. నీలం, ఎరుపు గీతలు ఒక ధ్రువం నుంచి ఇంకో ధ్రువానికి పోతున్నాయి. వెనక మ్యూజిక్. అమెరికా ఇంగ్లీషులో ఒక మగ గొంతు గడగడా చెప్పుకుపోయింది. పన్నెండు నిమిషాలు. చివర్లో నాలుగు ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు ఆప్షన్లు. ఒక పిల్లవాడు వెళ్లి తెరను వేలితో ముట్టుకున్నాడు. పచ్చ టిక్కు పడింది. అందరం చప్పట్లు కొట్టాం. "ఎనీ డౌట్స్?" అంది మేడమ్. "నో మేడమ్!" అన్నారు నలభై మందీ, ఒకే గొంతుతో.

అబద్ధం ఎందుకు, నేనూ చప్పట్లు కొట్టా.

అదే రోజు మగ్రిబ్‌కి ఆపా ఇంట్లో ఉన్నా. ఆపా వాళ్లు ఇల్లు మారి వారం కూడా కాలేదు. ఖిబ్లా ఎటో చూడమని మున్నీ చేతికి ఫోన్ ఇచ్చారు. పిల్ల గది మధ్యలో నిలబడి యాప్ తెరిచింది. ముల్లు ఒక దిక్కు చూపించింది. జానమాజ్ పరవడానికి ఇనుప బీరువా పక్కకి పోయింది. ముల్లు గిర్రున ఇంకో దిక్కుకి తిరిగింది. వెనక్కి వచ్చింది, ముల్లు కూడా వెనక్కి వచ్చింది. మళ్లీ బీరువా దగ్గరికి పోయింది, మళ్లీ తిరిగింది.

"ఖాలా, ఖిబ్లా మారుతోందా? ఫోన్ ఖరాబైందా?"

నేను ఒక నిమిషం మాట్లాడలేకపోయా. పొద్దున ఇదే పిల్ల అయస్కాంతం పాఠానికి "నో మేడమ్" అంది. ఆ నలభై గొంతుల్లో దీని గొంతు కూడా ఉంది. చేతిలో ఉన్న ఫోన్‌లో అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే చిన్న పుర్జా ఉందనీ, ముల్లు తిరగడానికీ పొద్దున చూసిన నీలం గీతలకీ రిశ్తా ఉందనీ పిల్లకి తెలియదు. లక్ష రూపాయలకి పైగా పెట్టి కొన్న తెర ముందు రాని సవాల్, పాత ఫోన్ పట్టుకుని బీరువా పక్కన నిలబడితే వచ్చింది.

నా మాట ఇదే. సైన్స్ క్లాసులో డిజిటల్ సామాన్లు ఉండాలి. కానీ పిల్లచేత ఏదైనా కొలిపించేవి, షక్ పుట్టించేవి, తను పరఖాయించి చూసుకునేవి ఉండాలి. పిల్లని నోరు మూయించి కూర్చోబెట్టేది ఎంత ఖరీదైనదైనా అది టీవీయే. దానికి సైన్స్ అని పేరు పెట్టి ఫీజు వసూలు చేయడం ధోఖా.

ఆ రాత్రి మేం చేసింది చెప్తా. జర్మనీలోని ఆహెన్ యూనివర్సిటీ వాళ్లు 2016లో ఫైఫాక్స్ అని ఒక యాప్ విడుదల చేశారు. ముఫ్త్. ఒకసారి ఎక్కించుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది. ఫోన్ లోపల ఉన్న పుర్జాలు ఏం కొలుస్తున్నాయో అంకెల్లో, గ్రాఫుల్లో చూపిస్తుంది: శబ్దం, వెలుతురు, ఊపు, అయస్కాంత క్షేత్రం. దాన్ని తెరిచి మున్నీ చేతికిచ్చా. గది మధ్యలో అంకె 40 మైక్రోటెస్లాల దగ్గర ఆడుతోంది. "ఇది భూమిదే బేటీ, మన దగ్గర దాదాపు ఇంతే ఉంటుంది" అన్నా. బీరువాకి ఆనిస్తే అంకె రెట్టింపు దాటింది. నేల మీద స్కేలు పెట్టించా. జానెడు దూరం, రెండు జానలు, మూడు జానలు. నోట్‌బుక్‌లో రెండు గళ్లు గీసి రాసింది. మూడడుగుల అవతల అంకె మళ్లీ 40 దగ్గర నిలబడింది. "అంటే ఖిబ్లా చూడాలంటే బీరువాకి మూడడుగులు దూరం ఉండాలి" అని తనే ఫైసలా చేసింది. తర్వాత గ్యాస్ సిలిండర్ దగ్గరికి పోయింది. తర్వాత టీవీ స్పీకర్ దగ్గరికి. తర్వాత కుట్టుమిషన్. ఇషా అయ్యేదాకా ఇల్లంతా తిరిగింది.

చవక ఫోన్లు చాలావాటిలో ఆ పుర్జా ఉండదు. అలాంటి ఫోన్లో ఖిబ్లా ముల్లు సరిగ్గా పనిచేయదు. అది కూడా ఒక పాఠమే. యాప్ అంటే జాదూ కాదు, లోపల కొలిచేది ఏదో ఉంటేనే బయట చూపిస్తుంది. ఆ ముక్క తెలిసిన పిల్ల రేపు ఏ యాప్‌నీ కళ్లు మూసుకుని నమ్మదు.

మర్నాడు మున్నీ ఆ నోట్‌బుక్ క్లాసుకి పట్టుకెళ్లింది. పెద్ద తెర ముందు లేచి నిలబడి, బీరువా దగ్గర ఖిబ్లా ఎందుకు తిరుగుతుందో మాట్లాడొచ్చా అని అడిగింది. "అది సిలబస్‌లో లేదు, కూర్చో" అన్నారట. ఇంటికొచ్చి నోట్‌బుక్ అటక మీద పడేసింది. నాకు గుస్సా అక్కడ మొదలైంది.

ఆ మేడమ్ మీద కాదు. ఆమె జీతం ఎంతో నాకు తెలుసు. రోజుకి ఏడు పీరియడ్లు చెప్తుంది. తెరలో వీడియో ఏ తారీఖున ఏది నడవాలో కంపెనీ వాడు ముందే రాసి పెట్టాడు. ఆమె చేతిలో రిమోట్ తప్ప ఏ ఇఖ్తియార్ లేదు. నా ఝగ్డా మొదట మేనేజ్‌మెంట్లతో. భాయీ, మీ స్కూల్లో తెర కొన్న నెలలోనే ల్యాబ్ గదికి తాళం పడింది. అందులో ఇప్పుడు విరిగిన బెంచీలు, పాత ఆన్సర్ షీట్లు ఉన్నాయి. ఒక దిక్సూచి, ఒక బ్యాటరీ, గజం రాగి తీగ కొనడానికి రెండు మూడు వందలు చాలు. 1820లో ఓర్‌స్టెడ్ చేసింది ఆ సామానుతోనే. తీగలో కరెంటు పోతుంటే పక్కనున్న ముల్లు కదిలింది. మన పదో తరగతి పిల్లలు కూడా ఆ పాఠం చదువుతారు. ముల్లు కదలడం తెర మీద చూసినవాడు మార్కుల కోసం యాద్ పెట్టుకుంటాడు. తన చేతి కింద కదిలితే చచ్చేదాకా మర్చిపోడు. మీరు తెర కొన్నది పిల్లల కోసం కాదు, గేటు మీద ఫ్లెక్సీ కోసం.

కానీ ఆ ఫ్లెక్సీ చూసి అడ్మిషన్ తీసుకున్నది ఎవరు? మనమే. "డిజిటల్ క్లాస్ ఉందా?" అని అడుగుతాం, ఉందంటే దిల్ ఖుష్. ల్యాబ్ చూపించమని మనలో ఒక్కరు అడిగారా? నా బిడ్డ ఈ సంవత్సరం తన చేత్తో ఎన్ని ప్రయోగాలు చేసిందని ఏ అబ్బా అయినా పేరెంట్స్ మీటింగ్‌లో అడిగాడా? పెళ్లికి సోఫా సెట్ చూసినట్టు స్కూల్‌కి తెర చూస్తున్నాం. ఆటో నడిపీ, టైలరింగ్ చేసీ, గల్ఫ్‌లో ఎండకి ఎండీ పంపిన పైసల నుంచి "డిజిటల్ ఫీజు" అని వేరే కట్ చేస్తుంటే కనీసం హిసాబ్ అడగాలి కదా.

ఇప్పుడు నా వైపు కూడా చెప్పాలి, లేకపోతే ఇమాన్‌దారీ కాదు. 2020లో కోవిడ్‌తో బడులు మూతపడ్డాయి. తెలంగాణలో సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు మొదలయ్యాయి. మేం వాట్సాప్ గ్రూపులు పెట్టాం. నేను రోజూ రెండు వీడియో లింకులు పంపేదాన్ని, రిజిస్టర్‌లో "పాఠం పూర్తి" అని రాసేదాన్ని. ఎంతమంది చూశారో నాకు తెలియదు. ఏం అర్థమైందో అసలే తెలియదు. బడి తెరిచాక తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి వచ్చి, తలొంచుకుని, "టీచర్, నేను ఒక్కటీ చూడలే. ఫోన్ భాయి దగ్గర ఉంటది" అంది. ఆ పిల్ల నాకు లెక్కల్లోనూ సైన్స్‌లోనూ ఫస్ట్ వచ్చేది. పది పాసై చదువు ఆపేసింది. నేను రిజిస్టర్‌లో రాసిన ఆ "పాఠం పూర్తి" ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అందుకే మన ఇళ్లతో కూడా నాకు ఝగ్డా ఉంది. కొడుకు రాత్రి రెండింటిదాకా ఫోన్లో గేమ్ ఆడితే "లడ్కా హై" అంటాం. కూతురు పాఠం కోసం ఫోన్ ముట్టుకుంటే ఫిత్నా గుర్తొస్తుంది. నేను పాసుబానీ వద్దనడం లేదు. నా పిల్లలకీ నేను ఫోన్ చేతికిచ్చి వదిలేయలేదు. కానీ పాసుబానీ అంటే పక్కన కూర్చోవడం. ఫోన్‌ని హాల్లో పెట్టండి, అమ్మీ ముందు వాడనివ్వండి, టైం పెట్టండి. లాక్కోవడం మాత్రం పాసుబానీ కాదు. పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో సర్కారీ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబులు ఇచ్చారు, అమ్మాయిలకీ అబ్బాయిలకీ సమానంగా. సర్కార్ సమానంగా ఇచ్చినదాన్ని ఇంట్లో మనం సమానంగా ఉంచామా? ఈ సవాల్‌కి జవాబ్ ప్రతి ఇల్లూ తనే చెప్పుకోవాలి.

ఇంతదాకా చదివి "ఈమె పాతకాలం టీచర్, కంప్యూటర్ అంటే భయం" అనుకునేవాళ్లు ఉంటారు. వాళ్ల తరఫు దలీల్ కూడా నేనే ఇస్తా. నోబెల్ అందుకున్న ఫిజిక్స్ ప్రొఫెసర్ కార్ల్ వైమన్ 2002లో అమెరికాలోని కొలరాడో యూనివర్సిటీలో ఫెట్ అనే సిమ్యులేషన్ల పని మొదలుపెట్టాడు. అవి కూడా ముఫ్త్. 2005లో ఆ యూనివర్సిటీ వాళ్లే ఒక పరిశోధన అచ్చేశారు. కాలేజీ పిల్లల్లో కొందరికి అసలు బల్బులూ తీగలూ ఇచ్చారు. కొందరికి కంప్యూటర్‌లో నకిలీ బల్బులూ తీగలూ ఇచ్చారు. చివరికి కంప్యూటర్ పిల్లలకే కరెంటు సంగతి బాగా అర్థమైంది. అసలు తీగలిచ్చి సర్క్యూట్ కట్టమన్నా వాళ్లే బాగా కట్టారు!

నేను ఈ సంగతి దాచిపెట్టను. నా మాటకి ఇది అడ్డం అని కూడా అనుకోను. ఆ పిల్లలు సోఫాలో కూర్చుని వీడియో చూడలేదు. తీగ తనే కలిపారు, తప్పు కలిపారు, బల్బు వెలగలేదు, మళ్లీ కలిపారు. అసలు తీగలో కంటికి కనిపించని ఎలక్ట్రాన్ల నడక అక్కడ కనిపించింది. అణువు, కణం, కరెంటు, గ్రహాల చాల్ లాంటివి చేతికీ కంటికీ అందవు. అక్కడ తెర కావాలి. తప్పకుండా కావాలి. నా క్లాసులో నేనూ వాడతా. ఫరక్ తెరకీ తీగకీ మధ్య లేదు. చేసే పిల్లకీ చూసే పిల్లకీ మధ్య ఉంది.

ఉత్తగా మిషన్లు కొంటే ఏమవుతుందో దునియా చూసేసింది. ఓఈసీడీ సంస్థ 2015లో ఒక రిపోర్ట్ ఇచ్చింది. స్కూళ్లలో కంప్యూటర్ల మీద భారీగా ఖర్చు పెట్టిన దేశాల పిల్లలు చదవడంలో గానీ, లెక్కల్లో గానీ, సైన్స్‌లో గానీ చెప్పుకోదగ్గ తరక్కీ చూపలేదని అందులో రాసింది. యునెస్కో 2023 రిపోర్ట్ మొత్తం ఈ మస్లా మీదే. తాలీంలో టెక్నాలజీ ఎవరి షర్తుల మీద నడవాలి అన్నదే దాని సవాల్. మన మొహల్లా స్కూల్‌ని ఇదే సవాల్ అడగండి. తెర ఎవరి షర్తుల మీద నడుస్తోంది? టీచర్‌వా, పిల్లలవా, అమ్మిన కంపెనీవా?

జుబాన్ సంగతి కూడా వదలను. మున్నీ ఇంట్లో అమ్మీతో ఉర్దూ మాట్లాడుతుంది, గల్లీలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. తెర మీది గొంతు అమెరికాది. ఆ పన్నెండు నిమిషాల్లో ఎన్ని నిమిషాలు అర్థమయ్యాయని అడిగితే నవ్వి ఊరుకుంది. ఇదే హైదరాబాద్‌లో 1917లో దారుల్ తర్జుమా పెట్టి పుస్తకాలు ఉర్దూలోకి తెచ్చారు. 1918లో జామియా ఉస్మానియా మొదలై ఫిజిక్స్, కెమిస్ట్రీ మన జుబాన్‌లో చెప్పింది. కంప్యూటర్ లేని జమానాలో అయిన పని, వేలితో ముట్టుకుంటే భాష మారే ఈ జమానాలో ఎందుకు కాదు? మనం అడగలేదు కాబట్టి కాదు. కొనే ముందు "తెలుగులో ఉందా, ఉర్దూలో ఉందా" అని స్కూల్ అడగదు, స్కూల్‌ని మనం అడగం.

"సరే ఆపా, తిట్టింది చాలు, చేయాల్సింది చెప్పు" అంటారా? చెప్తా. మన ఇంట్లో, మన మసీదులో రోజూ ఉన్నదే.

ప్రతి ఫోన్‌లో నమాజ్ టైముల యాప్ ఉంది. జుహర్ ఈ నిమిషానికి మొదలవుతుందని చెప్తుంది, మనం నమ్ముతాం. ఆ నిమిషం ఎక్కడి నుంచి వచ్చిందని పిల్లల్ని అడగండి. తర్వాత స్కూల్ మైదానంలో, ఇంటి ఛత్ మీద ఒక కర్ర నిలువుగా పాతించండి. పదకొండున్నర నుంచి ఒంటిగంటదాకా ఐదు నిమిషాలకోసారి నీడ కొన దగ్గర సుద్దతో గుర్తు పెట్టించండి. నీడ తగ్గుతూ వచ్చి, ఒకచోట అన్నిటికంటే పొట్టిగా అయి, మళ్లీ పెరుగుతుంది. అన్నిటికంటే పొట్టి నీడ పడ్డ నిమిషం సూర్యుడు మన నడిరేఖ మీద ఉన్నాడు. అది దాటితే జవాల్. ఇప్పుడు యాప్ చూడండి. రెండింటి మధ్య ఎన్ని నిమిషాల తేడా వచ్చింది? ఎందుకొచ్చింది? కొన్ని యాప్‌లు ఎహతియాత్ కోసం కాస్త కలుపుతాయి. మన గుర్తు పెట్టడంలోనూ గలతీ ఉంటుంది. ఆ బహస్ పిల్లల్ని చేయనివ్వండి.

అప్పుడు ఇంకో సవాల్ తనే వస్తుంది. గడియారం 12 కొట్టినప్పుడు నీడ పొట్టిగా ఎందుకు లేదు? మన దేశం గడియారం 82.5 డిగ్రీల రేఖాంశం మీద నడుస్తుంది. హైదరాబాద్ దాదాపు 78.5 మీద ఉంది. నాలుగు డిగ్రీలు పడమర. సూర్యుడు ఒక్కో డిగ్రీ దాటడానికి నాలుగు నిమిషాలు తీసుకుంటాడు. అంటే 16 నిమిషాలు ఆలస్యం. భూమి నడక సంవత్సరమంతా ఒకే తీరుగా ఉండదు కాబట్టి అది కూడా జరుగుతుంది. నవంబరు మొదట్లో మన దగ్గర నడి మధ్యాహ్నం దాదాపు 12 గంటలకే వస్తుంది, ఫిబ్రవరి మధ్యలో దాదాపు 12:30కి. యాప్‌లో జుహర్ టైం ఎందుకు జరుగుతుందో ఇప్పుడు పిల్లకి తెలుసు. దాదాకి కూడా చెప్తుంది. కర్రని అలాగే ఉంచితే అసర్ కూడా దొరుకుతుంది. జవాల్ నీడని పక్కన పెట్టి, కర్రకి రెండింతల నీడ వచ్చినప్పుడు మన హనఫీల అసర్, ఒక్కింతకి షాఫయీలది. పూర్వం మసీదుల్లో ఈ హిసాబ్ చూసే ముఅఖ్ఖిత్‌లు ఉండేవాళ్లు. మే 9కి అటూ ఇటూ, ఆగస్టు 3కి అటూ ఇటూ హైదరాబాద్‌లో ఆ కర్రకి నడి మధ్యాహ్నం నీడే ఉండదు. ఎందుకో అది కూడా కనుక్కోనివ్వండి.

ఖిబ్లా ముల్లు సంగతి ఇంకా ఉంది. మక్కా 21.4 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. కాబట్టి సంవత్సరానికి రెండుసార్లు సూర్యుడు సరిగ్గా కాబా నెత్తి మీదికి వస్తాడు. మే 27, 28 తారీఖుల్లో మన టైం మధ్యాహ్నం 2:48కి, జూలై 15, 16 తారీఖుల్లో 2:57కి. ఆ నిమిషం సూర్యుడు ఎటున్నాడో ఖిబ్లా అటే. కర్ర నీడ దానికి సరిగ్గా ఉల్టా పడుతుంది. మేలో బడికి సెలవులు, జూలైలో మబ్బు. మబ్బు పడితే మర్నాడు చూడండి, ఒకటి రెండు రోజుల్లో పెద్ద ఫరక్ రాదు. నీడ మీద గీత గీసి, పక్కన ఫోన్ పెట్టండి. హైదరాబాద్‌లో ఖిబ్లా సరిగ్గా పడమర కాదు, పడమర నుంచి ఉత్తరం వైపు దాదాపు 13 డిగ్రీలు. గీతా ముల్లూ కలిశాయా? కలవకపోతే ఎవరిది గలత్? కిందున్న కాంక్రీటు స్లాబులో ఇనుప చువ్వలు ఉన్నాయేమో!

చూశారా, ఇందులో డిజిటల్ లేకుండా లేదు. ఫోన్ ఉంది, యాప్ ఉంది, గ్రాఫ్ ఉంది. నచ్చితే స్టెల్లేరియం అనే ముఫ్త్ సాఫ్ట్‌వేర్‌ని ఆ పెద్ద తెర మీద పెట్టి, రంజాన్ చాంద్ ఈ సాయంత్రం ఎక్కడ ఉంటుందో ముందు క్లాసులో చూసి, తర్వాత ఛత్ ఎక్కి వెతకొచ్చు. కానీ ప్రతిచోటా ఆఖరి మాట తెరది కాదు. పిల్ల కంటిదీ, కర్రదీ, నోట్‌బుక్‌దీ.

ఇక మన ఫఖర్ గురించి ఒక్క మాట. ప్రతి జుమాకి నాకు కనీసం రెండు ఫార్వర్డ్‌లు వస్తాయి. ఇబ్న్ అల్ హైతమ్ మనవాడు, కెమెరాకి బాబా ఆదమ్ మనవాడే అని. సంతోషం. బస్రాలో పుట్టి, ఖాహిరాలో పనిచేసి, వెయ్యేళ్ల కింద వెలుతురు మీద కితాబుల్ మనాజిర్ రాశాడు. చిన్న రంధ్రం గుండా వెలుతురు ఎలా పోతుందో తను పరీక్షించి చూశాడు. పెద్ద పేరున్న బత్లీమూస్ మీద కూడా షక్‌లు లేవనెత్తి ఒక కితాబే రాశాడు. ఆ ఫార్వర్డ్ పంపిన భాయీ, మీ ఇంట్లో ఒక గది చీకటి చేసి, కిటికీ అట్టకి చిన్న రంధ్రం పెట్టి, ఎదురు గోడ మీద గల్లీ అంతా తలకిందులుగా పడటం మీ బిడ్డకి చూపించారా? అట్ట ముక్క, సూది, కాస్త ఓపిక. ఆయన పేరు ఫార్వర్డ్ చేయడం తేలిక, ఆయన షక్‌ని ఇంట్లోకి రానివ్వడమే కష్టం. బీరువా ముందు మున్నీకి వచ్చింది అదే షక్. దాన్ని మనం "సిలబస్‌లో లేదు" అని కూర్చోబెట్టాం.

ఇదే షహర్‌లో నవాబ్ జఫర్ జంగ్ 1901లో నిజామియా అబ్జర్వేటరీకి పునాది వేశాడు. దూర్బీన్ తెప్పించింది మెహమాన్లకి చూపించి చప్పట్లు కొట్టించుకోవడానికే అయితే ఈ రోజు ఎవరికీ యాద్ ఉండేది కాదు. తర్వాత అక్కడ ఏళ్ల తరబడి రాత్రుళ్లు మేల్కొని లక్షల నక్షత్రాల జాగాలు కొలిచి రాశారు. దునియా మొత్తం కలిసి చేసిన నక్షత్రాల పట్టికలో హైదరాబాద్ హిస్సా కూడా చేరింది. సామాన్ అప్పుడూ ఖరీదైనదే. దాంతో కొలిచారు కాబట్టి దానికి ఇజ్జత్ వచ్చింది.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కి పోయినప్పుడు నాలుగు మాటలు అడగండి. గుజారిష్. ల్యాబ్ తాళం ఎవరి దగ్గర ఉంది, ఆఖరుసారి ఎప్పుడు తెరిచారు? ఈ నెల నా బిడ్డ తన చేత్తో ఏం కొలిచింది, ఆ నోట్‌బుక్ చూపించండి. తెర మీది పాఠాన్ని టీచర్ ఆపొచ్చా, మార్చొచ్చా, తెలుగులోకో ఉర్దూలోకో తిప్పొచ్చా? పిల్ల తెర మీది మాట గలత్ అంటే క్లాసులో గుంజాయిష్ ఉందా? జవాబ్ రాకపోతే డిజిటల్ ఫీజు కట్టనని చెప్పండి. ఒక్కరంటే వినరు, పదిమంది అంటే వింటారు.

మున్నీ సంగతి అడుగుతారని తెలుసు. దూల్హా భాయి మొదట "ఈ ఫోన్ ఆటలు వద్దు" అన్నారు. నేను పోట్లాడలేదు. ఒక ఇత్వార్ నాడు ఆయన్నే ఛత్ మీదికి పిలిచి, కర్ర పట్టుకుని నిలబెట్టా. సుద్ద మున్నీ చేతిలో, గడియారం ఆయన చేతిలో. నీడ వెనక్కి తిరిగిన నిమిషం ఆయనే ముందు కేక వేశారు. కింద మసీదులో జుహర్ అజాన్‌కి ఇంకా టైం ఉంది. "పోయిన వారం కంటే ఈ వారం ఎందుకు జరిగింది?" అని ఆయన అడిగారు. మున్నీ కిందికి పోయి అటక మీది నోట్‌బుక్ తెచ్చుకుంది.

క్లాసులో ఆ నోట్‌బుక్‌కి ఇంకా జాగా దొరకలేదు. దొరికేదాకా నేను ఊరుకోను. మీరూ ఊరుకోకండి.

దువాల్లో యాద్ ఉంచుకోండి. ఖుదా హాఫిజ్.